చిన్న విమానం నేర్చుకోవాలంటే: సిరొంచ నుంచి ధర్మాబాద్ దాకా ఉన్న మనవాళ్ల కోసం

మహారాష్ట్రలోని చంద్రపూర్, గడ్చిరోలి, యవత్మాల్, నాందేడ్ జిల్లాల తెలుగువాళ్లలో పైలట్ శిక్షణ మాట ఎత్తగానే అందరూ ముందు అడిగేది ఫీజు ఎంత అని. అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. ముందు ఏ లైసెన్స్ కావాలో తేల్చుకోవాలి, తర్వాత మెడికల్, ఆపైన కాగితాల్లో పేరు, ఆ తర్వాతే స్కూలు. ఈ వరుస తప్పితే అడ్వాన్సు కట్టేసి, ఆర్నెల్లు సర్టిఫికెట్ల కోసం తిరిగి, తీరా వానాకాలంలో శిక్షణ మొదలుపెట్టాల్సి వస్తుంది.

ముందు ఏ లైసెన్సో తేల్చుకోండి

లైట్ స్పోర్ట్ విమానం అంటే స్థూలంగా రెండు సీట్లు, ఒకే ఇంజిన్, ముడుచుకోని చక్రాలు, మొత్తం బరువు 600 కిలోల లోపు, స్టాల్ వేగం (అంతకన్నా తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేవు) 45 నాట్లు, అంటే గంటకు సుమారు 83 కిలోమీటర్లు, మించకూడదు. మైక్రోలైట్ అంతకన్నా తేలిక, 450 కిలోల తరగతి. శిక్షణలో ఎక్కువగా కనిపించే సెస్నా 152 గరిష్ఠ బరువు 757 కిలోలు, కాబట్టి అది చిన్నదే అయినా లైట్ స్పోర్ట్ కిందికి రాదు. మనకు దగ్గర్లో నాగ్‌పూర్ ఫ్లయింగ్ క్లబ్‌లో ఉన్నవి సెస్నాలు, గోందియా దగ్గర బిర్సీలోని నేషనల్ ఫ్లయింగ్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నవి డైమండ్‌లు, అవీ లైట్ స్పోర్ట్ కావు. అంటే మన చుట్టుపక్కల నేర్చుకునేవాళ్లలో చాలామందికి దారి పీపీఎల్ (ప్రైవేట్ పైలట్ లైసెన్స్) మీదుగానో సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) మీదుగానో పోతుంది.

సరదాకు, సొంత ప్రయాణానికి అయితే పీపీఎల్ చాలు. 17 ఏళ్లు, పదో తరగతి, కనీసం 40 గంటల ఫ్లయింగ్ ఉండాలి. దాంతో డబ్బు తీసుకుని ఎవరినీ ఎక్కించుకోకూడదు. ఉద్యోగం కావాలంటే సీపీఎల్: 18 ఏళ్లు, ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్, 200 గంటలు, క్లాస్ 1 మెడికల్. ఇంటర్‌లో ఆ రెండు సబ్జెక్టులు చదవనివాళ్లు జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్ ద్వారా రాసుకోవచ్చు. రెండింటికీ ముందు మెట్టు స్టూడెంట్ పైలట్ లైసెన్స్, అంటే ఎస్‌పీఎల్. దానికి 16 ఏళ్లు నిండాలి.

మైక్రోలైట్, లైట్ స్పోర్ట్ శిక్షణ ఇస్తామనే క్లబ్ కనబడితే డబ్బు కట్టేముందు రెండు సంగతులు రాతపూర్వకంగా అడగండి. చివరికి చేతికొచ్చే లైసెన్స్ మీద ఏ తరగతి విమానం రాసి ఉంటుంది? ఈ గంటలు రేపు పీపీఎల్, సీపీఎల్‌కు లెక్కలోకి వస్తాయా? నోటిమాటగా "వస్తాయిలెండి" అంటే సరిపోదు. కాలేజీలో ఉన్న పిల్లలైతే ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ గురించి కనుక్కోండి. క్యాడెట్లకు అక్కడ మైక్రోలైట్ మీద అనుభవం దొరుకుతుంది, జేబుకు భారం ఉండదు.

యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసి 20 గంటల్లో అయిపోతుందని, మెడికల్ బదులు డ్రైవింగ్ లైసెన్స్ చాలని అనుకునేవాళ్లున్నారు. అది అక్కడి స్పోర్ట్ పైలట్ సర్టిఫికెట్ సంగతి. ఇక్కడ చెల్లదు.

మెడికల్

ఎస్‌పీఎల్, పీపీఎల్‌కు క్లాస్ 2 మెడికల్ కావాలి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తించిన డాక్టర్ల జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటుంది. మామూలు ఎంబీబీఎస్ సర్టిఫికెట్ పనికిరాదు. రక్తం, మూత్రం, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, వినికిడి, కంటిచూపు, రంగుల గుర్తింపు చూస్తారు. కళ్లద్దాలున్నా ఫరవాలేదు, సరిచేసిన చూపు బాగుంటే చాలు. ఎక్కువమందికి దెబ్బ తగిలేది రంగుల దగ్గర. చుక్కల్లో అంకె కనిపెట్టే ఇషిహారా పుస్తకం ఏ కంటి డాక్టర్ దగ్గరైనా ఉంటుంది. ముందుగా మీ ఊళ్లోనే చూపించుకోండి.

మన జిల్లాల వాళ్లు తప్పక చేయించుకోవాల్సింది ఇంకొకటి ఉంది, సికిల్‌సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తకణాల జబ్బు) పరీక్ష. గడ్చిరోలి, చంద్రపూర్, గోందియా, యవత్మాల్ ప్రాంతాల్లో ఇది ఎక్కువ. 2023లో మొదలైన జాతీయ సికిల్‌సెల్ మిషన్ కింద ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో చూస్తున్నారు. ఎత్తుకు వెళ్లేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి ఈ సంగతి విమానం ఎక్కేవాళ్లకు మరీ ముఖ్యం. ఫలితం ఏదైనా దాచకుండా మెడికల్ డాక్టర్‌కు చూపించండి. పాత ఆపరేషన్లు, లేజర్ కంటి చికిత్స, వాడుతున్న మందులు కూడా అంతే.

సీపీఎల్ ఆలోచన ఉంటే క్లాస్ 2తో ఆగకుండా క్లాస్ 1 కూడా ఫీజు కట్టకముందే పూర్తి చేయించుకోండి. వంద గంటలు ఎగిరాక క్లాస్ 1 రాదని తెలిస్తే ఆ నష్టం పూడదు.

పేరు కలవాలి

ఇది పైకి చిన్నగా కనిపించి నెలలు తినేసే పని. మహారాష్ట్ర బోర్డు మార్కుల మెమోలో ఇంటిపేరు ముందు, తర్వాత సొంత పేరు, తండ్రి పేరు వస్తాయి. తల్లి పేరు వేరే గడిలో ఉంటుంది. మన ఇళ్లల్లో ఆధార్ మీద ఇంటిపేరు ఒక్క అక్షరంగా మిగిలిపోతుంది, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటుంది. తెలంగాణలో ఇంటర్ చదివినవాళ్లకు మూడో రూపం కూడా ఉంటుంది. పరీక్షలు రాయడానికి కావాల్సిన డీజీసీఏ కంప్యూటర్ నంబర్ పదో తరగతి మెమోలోని పేరుతో తీసుకుంటారు, ఆ తర్వాత వచ్చే ప్రతి కాగితమూ దాంతో సరిపోవాలి.

కాబట్టి పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని ఆధార్‌ను, పాస్‌పోర్టును దానికి తగ్గట్టు మార్పించండి. మెమోను మార్పించబోతే పని ఎక్కడికో పోతుంది. మార్కుల ధృవీకరణకు చంద్రపూర్, గడ్చిరోలివాళ్లు నాగ్‌పూర్ డివిజన్ బోర్డుకు, యవత్మాల్‌వాళ్లు అమరావతికి, నాందేడ్‌వాళ్లు లాతూర్‌కు వెళ్లాలి. దరఖాస్తు ఈ వారమే పెట్టేయండి, మిగతా పనులు అది వచ్చేలోపు చేసుకోవచ్చు.

స్కూలు, కాలం

బల్లార్ష, చంద్రపూర్ నుంచి గోందియాకు నాగ్‌భీడ్, వడ్సా మీదుగా నేరుగా రైలుంది. నాగ్‌పూర్ ఎటూ ప్రధాన మార్గం మీదే ఉంది. ధర్మాబాద్, బిలోలి వైపువాళ్లకు సికింద్రాబాద్ రైలెక్కి బేగంపేటలోని తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీకి వెళ్లడం తేలిక. అయితే దూరం చూసి స్కూలు ఎంచుకోవద్దు. ఒక పూట అక్కడే కూర్చుని ఉదయం ఎన్ని విమానాలు ఎగిరాయో, ఎన్ని హ్యాంగర్‌లో కవర్ కప్పుకుని ఉన్నాయో లెక్కపెట్టండి. ఎగిరే విమానాలు ఎన్ని, విద్యార్థులు ఎందరు, ఇన్‌స్ట్రక్టర్లు ఎందరు అన్నదే మీ లైసెన్స్ ఎప్పుడొస్తుందో చెబుతుంది. డీజీసీఏ 2025 అక్టోబర్ నుంచి శిక్షణ సంస్థలకు గ్రేడ్లు ఇస్తోంది, అవీ చూడండి. గంట ధరలో ఇంధనం కలిసిందా, గంటను ఇంజిన్ మొదలైనప్పటి నుంచి లెక్కిస్తారా, చక్రాలు లేచాకనా, ఎగరని డబ్బు వాపసు ఎలా ఇస్తారు అన్నవి ఒప్పందంలో ఉండాలి. మొత్తం ఒకేసారి కట్టకండి. బడ్జెట్ 40 గంటలకు కాకుండా 55, 60 గంటలకు వేసుకోండి. కనీస గంటల్లోనే పూర్తిచేసేవాళ్లు తక్కువ.

విదర్భలో ఎగరడానికి మంచి రోజులు అక్టోబర్ మధ్య నుంచి ఫిబ్రవరి దాకా. డిసెంబర్, జనవరిల్లో పొద్దున్నే పొగమంచు పట్టినా పది గంటలకల్లా విచ్చుకుంటుంది. మార్చి నుంచి పది దాటితే నేల కాగి గాలి సుడులు లేస్తాయి, గద్దలు వాటిలో తిరుగుతుంటాయి. కొత్తవాళ్లు అప్పుడు విమానాన్ని నిలకడగా పట్టుకోవడానికే కుస్తీ పడతారు, పాఠం ఎక్కదు. జూన్ మధ్య నుంచి వానలు. అందుకే ఎండాకాలం, వానాకాలం చదువుకు, పరీక్షలకు పెట్టి, దసరా తర్వాత విమానం ఎక్కండి. ఎక్కాక వారానికి నాలుగైదు సార్టీలు (ఎక్కి దిగిన ప్రతిసారీ ఒక సార్టీ) పడేలా చూసుకోండి. వారానికి ఒకటి చొప్పున ఎగిరితే ప్రతిసారీ సగం సమయం పాత పాఠం గుర్తు చేసుకోవడానికే పోతుంది, ఆ సగానికీ డబ్బు కట్టేది మీరే.

పరీక్షలు

ఎస్‌పీఎల్ పరీక్ష ఫ్లయింగ్ క్లబ్ చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ పెడతారు. డీజీసీఏ పరీక్షలు పరీక్ష పోర్టల్‌లో రాయాలి, పాస్ మార్కు 70 శాతం. ఎయిర్ రెగ్యులేషన్స్, నావిగేషన్, మెటియరాలజీ, టెక్నికల్ అని నాలుగు పాయలు. మరాఠీ, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు కష్టమైన పాఠం కంటే ప్రశ్నలోని ఇంగ్లిష్ మెలికే ఇబ్బంది పెడుతుంది. రోజుకు 20 ప్రశ్నలు బిగ్గరగా చదివి, తప్పు జవాబు ఎందుకు తప్పో రాసుకోండి. రేడియో లైసెన్స్ వేరే. 2025 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ అనే కొత్త విమానయాన చట్టంతో ఆర్‌టీఆర్ (రేడియో లైసెన్స్) పరీక్ష బాధ్యత టెలికాం శాఖ నుంచి డీజీసీఏకు మారింది. పాత గైడ్లలో డబ్ల్యూపీసీ (టెలికాం శాఖ విభాగం) అని కనిపిస్తే ఆ భాగం వదిలేయండి.

ఎక్కేముందు: రోటాక్స్ ఇంజిన్ దగ్గర

లైట్ స్పోర్ట్, మైక్రోలైట్‌లలో ఎక్కువగా ఉండేది రోటాక్స్ 912. సెస్నాలోని లైకమింగ్ ఇంజిన్‌కు చేసినట్టు దీనికి నేరుగా డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూస్తే తప్పు కొలత వస్తుంది, ఎందుకంటే ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది, కొంత కిందికి దిగి ఇంజిన్‌లో ఉండిపోతుంది. ఇగ్నిషన్ స్విచ్‌లు రెండూ ఆఫ్ అని కళ్లతో చూసి, చేత్తో తాకి నిర్ధారించుకోండి. ఆయిల్ ట్యాంక్ మూత తీయండి. ప్రొపెల్లర్‌ను అది తిరిగే వైపుకే మెల్లగా చేత్తో తిప్పండి. వెనక్కి ఎప్పుడూ తిప్పకూడదు, ఆయిల్ లైన్లలోకి గాలి చేరుతుంది. తిప్పగా తిప్పగా ట్యాంకులోంచి గుడగుడమని శబ్దం వస్తుంది. అప్పుడు ఆయిలంతా ట్యాంకు చేరినట్టు. ఇప్పుడు డిప్‌స్టిక్ చూడండి.

స్టార్ట్ చేశాక ఆయిల్ 50 డిగ్రీలకు రాకుండా పూర్తి పవర్ ఇవ్వొద్దు. డిసెంబర్ పొద్దున ఇందుకు చాలాసేపు పడుతుంది, తొందరపడొద్దు. 4000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర ఒక్కో ఇగ్నిషన్ ఆపి చూస్తే పడిపోయేది 300 మించకూడదు, రెండింటి మధ్య తేడా 115 దాటకూడదు. మీ విమానం మాన్యువల్‌లో ఇంకో అంకె ఉంటే అదే పాటించండి.

ఇంధనం దగ్గర జాగ్రత్త. రోటాక్స్ 912 ఇథనాల్ 10 శాతం దాకానే ఒప్పుకుంటుంది. మన బంకుల్లో ఇప్పుడు పోసేది ఎక్కువగా ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపినది. గీతలున్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి బాగా ఊపి నిలబెట్టండి. ఇథనాల్ నీళ్లతో కలిసి అడుక్కు దిగుతుంది. అడుగు పొర 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేనట్టు. ఈ20 అయితే 25 దరిదాపులకు ఎగబాకుతుంది. అలాంటిది పోస్తే రబ్బరు గొట్టాలు పాడవుతాయి, వేడిలో ఆవిరి బుడగలు లైన్‌ను అడ్డుకుని ఇంజిన్ ఆగిపోవచ్చు. విమానాల పెట్రోలు ఏవీగ్యాస్ 100ఎల్‌ఎల్ వాడటం మేలు, అది నీలంగా ఉంటుంది. ఇండియన్ ఆయిల్ 2022 నుంచి దేశంలోనే తయారు చేస్తోంది. అందులో సీసం ఉంటుంది కాబట్టి ఇంజిన్ ఆయిల్ తొందరగా మార్చాలి. ఏ ఇంధనమైనా ట్యాంక్ అడుగు నుంచి గ్లాసులోకి వదిలి చూడండి, రాత్రి చేరిన నీరు అడుగున ముత్యంలా కనిపిస్తుంది. అది పోయేదాకా వదలండి.

గాలి వేగం కొలిచే పిటాట్ గొట్టం కవర్ రాత్రి తీసి ఉంచితే కుమ్మరి పురుగు మట్టిగూడు కడుతుంది, స్పీడోమీటర్ ముల్లు కదలదు. రన్‌వే మీద పరుగు మొదలవగానే ముల్లు లేచిందా చూడాలి. లేవకపోతే అక్కడే థ్రాటిల్ (ఇంజిన్ పవర్ పిడి) మూసి ఆగిపోండి.

బరువు, ఎండ

450 కిలోల విమానం ఖాళీ బరువు 290 అనుకుందాం. మిగిలింది 160. మీరు 75, ఇన్‌స్ట్రక్టర్ 75. ఇంధనానికి 10 కిలోలే, అంటే 14 లీటర్లు. గంటకు 18 లీటర్లు తాగే ఇంజిన్‌కు అది గంటకైనా చాలదు. ఇలాంటప్పుడు ట్యాంక్ నింపి "ఏం కాదులే" అని ఎగరడమే ప్రమాదాలకు దారి. ఖాళీ బరువు 350 ఉన్న 600 కిలోల విమానంలో అదే ఇద్దరికి వంద కిలోలు మిగులుతాయి.

ఎండకు గాలి పలచబడి ఈ లెక్క ఇంకా బిగుసుకుంటుంది. చంద్రపూర్ సముద్రమట్టానికి సుమారు 620 అడుగుల ఎత్తు. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత దాదాపు 14 డిగ్రీలు. అంతకు మించిన ప్రతి డిగ్రీకి 120 అడుగులు కలపండి. మే నెలలో 45 డిగ్రీలంటే 31 డిగ్రీలు ఎక్కువ, 3,700 అడుగులు కలిసి మొత్తం 4,300 దాటుతుంది. మీరు చంద్రపూర్‌లో ఉన్నా రెక్కలు, ఇంజిన్, ప్రొపెల్లర్ పనిచేసేది కొండమీద ఉన్నట్టే. పరుగు పొడవవుతుంది, ఎక్కే వేగం పడిపోతుంది. అదే విమానం డిసెంబర్‌లో 12 డిగ్రీల పొద్దున చటుక్కున లేచిపోతుంది. మాన్యువల్‌లోని టేకాఫ్ పట్టికను ఆ రోజు ఉష్ణోగ్రతతో చదివి, వచ్చిన దూరానికి సగం మళ్లీ కలుపుకోండి.

సర్క్యూట్, దిగడం

నేర్చుకునే గంటల్లో ఎక్కువ భాగం ఇక్కడే గడుస్తుంది. లేచి, రన్‌వే చుట్టూ నేల నుంచి 1000 అడుగుల ఎత్తులో నాలుగు మలుపులు తిరిగి, మళ్లీ దిగడం. చివరి మలుపు దగ్గరే జాగ్రత్త ఎక్కువ కావాలి. గాలికి తోసుకుపోయి రన్‌వే దాటేశామనిపిస్తే విమానాన్ని రడ్డర్‌తో (తోక చుక్కానితో) బలవంతంగా తిప్పబోతారు. 40 నాట్ల స్టాల్ వేగం 30 డిగ్రీల వంపులో 43 అవుతుంది, 45 డిగ్రీల్లో దాదాపు 48. వేగం తక్కువ, వంపు ఎక్కువ, రడ్డర్ అతి. మూడూ కలిస్తే ఒక రెక్క ముందు స్టాల్ అయి విమానం గింగిరాలు తిరుగుతుంది, 500 అడుగుల్లో దాన్ని సరిచేయడానికి చోటుండదు. వంపు 30 దాటొద్దు. రన్‌వే తప్పితే పవర్ ఇచ్చి పైకెళ్లి మళ్లీ రండి.

దిగే వేగం స్టాల్ వేగానికి 1.3 రెట్లు, 40కి 52 నాట్లు. తేలిక విమానానికి ఊపు తక్కువ, థ్రాటిల్ తీయగానే వేగం జారిపోతుంది. సెస్నా అలవాటుతో వచ్చినవాళ్లు ఇక్కడ తడబడతారు. నేల 10, 15 అడుగులు ఉండగా ముక్కును మెల్లగా ఎత్తడం మొదలుపెట్టాలి. చూపు ముక్కు ముందు కాదు, రన్‌వే అవతలి చివర ఉండాలి. దగ్గర చూస్తే నేల పరుగెత్తుకొచ్చినట్టుండి ముందే స్టిక్ లాగేస్తారు, విమానం గాల్లో తేలిపోతుంది. అప్పుడు స్టిక్ ముందుకు తోస్తే ముందుచక్రం నేలకు కొట్టుకుంటుంది, ఎగిరిపడుతుంది, మళ్లీ కొట్టుకుంటుంది, మూడో దెబ్బకు విరుగుతుంది. తేలితే ముక్కును అలాగే పట్టుకుని కొంచెం పవర్ ఇవ్వండి. అనుమానం వస్తే పూర్తి పవర్, గో అరౌండ్, అంటే దిగకుండా పైకెళ్లి మళ్లీ రావడం. ఎన్నిసార్లు చేసినా మంచి ఇన్‌స్ట్రక్టర్ ఎవరూ తప్పుపట్టరు.

అడ్డగాలి లెక్క నోటికి వచ్చేయాలి: గాలి రన్‌వేకు 30 డిగ్రీల కోణంలో ఉంటే సగం, 45కి 0.7 వంతు, 60కి దాదాపు మొత్తం. 30 డిగ్రీల నుంచి 12 నాట్లంటే అడ్డంగా తగిలేది 6.

ఇంజిన్ ఆగితే మన పొలాల్లో ఎక్కడ

ఒక అడుగు దిగేలోపు తొమ్మిది అడుగులు ముందుకు జారే విమానం 1000 అడుగుల నుంచి గాలి లేనప్పుడు సుమారు 2.7 కిలోమీటర్లు వస్తుంది. కాబట్టి ఎగిరినంతసేపూ ఆ పరిధిలో ఒక పొలం కళ్లలో ఉండాలి. గోందియా, భండారా వైపు వరిమళ్లు పైనుంచి చదునుగా కనిపిస్తాయి, కానీ గట్లు చక్రాలను పట్టి బోల్తా కొట్టిస్తాయి. తప్పకపోతే గట్టుకు సమాంతరంగా, పొడవాటి మడిలో దిగండి. చంద్రపూర్, యవత్మాల్ వైపు సోయా కోసిన చేలు అక్టోబర్ చివర నుంచి బాగుంటాయి. పత్తి జనవరి దాకా నిలబడే ఉంటుంది, దాన్ని వదిలేయండి. వాన పడ్డ నల్లరేగడి ఎంత నున్నగా కనిపించినా చక్రం దిగబడుతుంది. తీగలు కనబడవు, స్తంభాలు చూసి తీగ ఉందని లెక్కేసుకోవాలి, రోడ్డు పక్కన తప్పక ఉంటుంది.

సోలో తర్వాత

పీపీఎల్‌కు సోలోగా, అంటే ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా, క్రాస్‌కంట్రీ (ఊరి నుంచి ఊరికి ఎగరడం) 5 గంటలు ఉండాలి, అందులో ఒకటి 150 నాటికల్ మైళ్లకు తగ్గకుండా, మధ్యలో రెండు వేర్వేరు ఏరోడ్రోముల్లో పూర్తిగా ఆగాలి. మ్యాప్ మీద గీత గీసి ప్రతి పది నిమిషాలకు ఒక గుర్తు పెట్టుకోండి: వైన్‌గంగ వంపు, రైల్వే జంక్షన్, చంద్రపూర్ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. గోందియా చుట్టూ చెరువులు వందల్లో ఉంటాయి, ఒక్క చెరువును నమ్ముకుంటే దారి తప్పుతారు. చెరువుతోపాటు రైలుపట్టానో నదినో జతచేసి గుర్తుపెట్టుకోండి.

స్కిల్ టెస్ట్ అయ్యాక దరఖాస్తు డీజీసీఏ ఆన్‌లైన్ పోర్టల్ ఈజీసీఏలో పెట్టాలి. 2025 ఫిబ్రవరి నుంచి లైసెన్స్ ఎలక్ట్రానిక్ రూపంలోనూ వస్తోంది. దరఖాస్తులు వెనక్కి రావడానికి మామూలు కారణం లాగ్‌బుక్. డ్యూయల్ (ఇన్‌స్ట్రక్టర్‌తో), సోలో, క్రాస్‌కంట్రీ గడుల మొత్తాలు పేజీ పేజీకీ కలవాలి, ప్రతి పేజీ కింద సంతకం ఉండాలి, కొట్టివేతల పక్కన చిన్న సంతకం ఉండాలి. ఏ రోజు సార్టీ ఆ రోజే రాసి, నెలాఖరున స్కూలు రికార్డుతో సరిపోల్చి, చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ సంతకం అప్పుడే తీసుకోండి. సంతకం పెట్టాల్సినాయన ఆర్నెల్ల తర్వాత ఇంకో రాష్ట్రంలో ఉద్యోగంలో ఉండొచ్చు.